బాపు సగంలో లేచిపోయిన సినిమా

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. మొన్న పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు టీవీలో ‘ఆడుజీవితం’ అనే మలయాళ సినిమా తెలుగులో పెట్టాను. మా బాపు 1997 నుంచి నాలుగేళ్లు సౌదీలో, హాయిల్ దిక్కు, గొర్ల కాడ పనిచేసి వచ్చాడు. ఆ నాలుగేళ్ల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పలేదు. సినిమా సగం వరకు కదలకుండా చూశాడు. తర్వాత లేచి, ‘గిది సగమే రా’ అని, బర్రెకు గడ్డి వేయడానికి పోయాడు. మళ్లీ లోపలికి రాలేదు. సగం అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. అడగాలంటే టెన్షన్. మా రూమ్మేటేమో ‘సినిమాలో ఏం లేదు, సరుకంతా పుస్తకంలోనే ఉంది’ అంటాడు. ఇంగ్లిషు అనువాదం కొన్నాను. సినిమాలో చివర వచ్చే జైలు పుస్తకంలో మొదట్లోనే వచ్చేసింది. గందరగోళంగా ఉండి ముప్పై పేజీల దగ్గర ఆపేశాను. సినిమా చూశాక పుస్తకం చదవడం దండగేనా? రెండింట్లో ఏది నిజం? పుస్తకం బాపుకు చదివి వినిపించనా?

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ పుస్తకం పక్కన పడేయకు. నువ్వు చిరాకుపడి ఆగిపోయిన చోటే దాని కిటుకంతా ఉంది.

సినిమాలో మనం కథానాయకుడు నజీబ్ వెంటే సౌదీలో దిగుతాం. ఏం జరగబోతోందో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. బతికి బట్టకడతాడా లేదా అన్నదే మనల్ని దాదాపు మూడు గంటలు కూర్చోబెడుతుంది. నవల రాసిన బెన్యామిన్ ఆ సస్పెన్సుని మొదటి పేజీలోనే తీసి అవతల పెట్టేశాడు. రియాద్‌లో బత్‌హా అని ఒక బజారు. అక్కడ ఒక చిన్న పోలీసు స్టేషన్. దాని ముందు నజీబ్, హమీద్ అని ఇద్దరు తచ్చాడుతుంటారు. ఎందుకంటే, పోలీసులు తమను పట్టుకోవాలి. పోలీసులేమో వీళ్ల వంక చూడనైనా చూడరు. పోలీసు కంటపడకుండా సందుల్లో నక్కి తిరిగే ఖల్లివెల్లి వాళ్ల, అంటే యజమానిని వదిలి కాగితాల్లేకుండా ఉండిపోయిన వాళ్ల కథలు మీ ఊళ్లో నువ్వు చాలానే విని ఉంటావు. నన్ను అరెస్టు చేయండి సారూ అని స్టేషన్ చుట్టూ తిరిగేవాడి కథ ఎప్పుడైనా విన్నావా?

జైల్లో పడ్డాక నజీబ్‌కు ప్రాణం లేచొస్తుంది. వేళకు తిండి. ఒంటిమీద పోసుకోవడానికి నీళ్లు. తన భాషలో మాట్లాడే మనుషులు. అతను జైలును చుట్టాలింటిలా అనుభవిస్తుంటే మనకు లోపల ఎక్కడో భయం మొదలవుతుంది. జైలే ఇంత హాయిగా ఉందంటే ఈ మనిషి ఎక్కడినుంచి వచ్చాడు? ఈ ప్రశ్నతోనే రెండో భాగంలోకి వెళతాం. బతికాడని మనకు ముందే తెలుసు కాబట్టి ఇక ఎడారి భాగంలో ‘తర్వాత ఏమైంది’ అని పేజీలు తిప్పం. పేజీ మీదే ఆగుతాం. అందుకే ఆ ముప్పై పేజీలూ మళ్లీ మొదటినుంచి చదువు. ఈసారి గందరగోళం ఉండదు.

జైలు భాగంలో ఇంకొకటి చూడు. సౌదీ యజమానులు వచ్చి, వరుసలో నిలబెట్టిన వాళ్లలో పారిపోయిన తమ పనివాళ్లను గుర్తుపట్టే రోజు ఒకటుంటుంది. గుర్తుపడితే చెంపదెబ్బలు, మళ్లీ అదే చాకిరీ. హమీద్‌ని అలాగే లాక్కుపోతారు. పుస్తకం చివర్లో నజీబ్ అర్బాబ్, అంటే యజమాని, కూడా వస్తాడు. చూస్తాడు. తీసుకుపోడు. ఎందుకో తర్వాత తెలుస్తుంది: వీడు నా వీసా మీద వచ్చినవాడు కాదు, అయ్యుంటే ఈడ్చుకుపోయేవాణ్ణే అన్నాడట. అంటే ఎయిర్‌పోర్టు నుంచి బండిలో వేసుకుపోయిన ఆ మనిషికి ఇతనితో కాగితం మీద సంబంధమే లేదు. మూడేళ్లకు పైగా పడిన నరకమంతా ఎవరికో రావలసిన మనిషి ఇంకెవరి చేతిలోనో పడటం వల్ల. ఆ ఒక్క వాక్యం చదివి నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను.

ఇక సినిమా. ‘ఏం లేదు’ అన్న నీ రూమ్మేట్ మాట నేను ఒప్పుకోను.

నజీబ్ ఊళ్లో ఏం పని చేసేవాడో గుర్తుందా? నదిలో మునిగి ఇసుక తోడేవాడు. రోజంతా నీళ్లలో ఉండి ఇసుక పైకి తెచ్చే మనిషిని తీసుకెళ్లి, చుక్క నీరు లేని ఇసుకలో పడేశారు. నవలలో ఇది మామూలు వివరంలాగే వచ్చిపోతుంది. దర్శకుడు బ్లెస్సీ మాత్రం దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఎడారిలో ఎండిన పెదవుల దగ్గర మొదలైన సీను కేరళ నది అడుగున తేలుతుంది. అంత నీళ్లు చూశాక మళ్లీ ఇసుకలోకి వస్తే, కుర్చీలో కూర్చున్న మనకే గొంతు ఆరిపోతుంది. దాహం మీద ఎన్ని వాక్యాలు రాసినా ఆ పని జరగదు. అక్కడ కెమెరాదే గెలుపు.

ఒళ్లు కూడా అంతే. మనిషి ఎలా తరిగిపోతాడో పుస్తకం చెబుతుంది. నజీబ్ వేషం వేసిన పృథ్వీరాజ్ చూపించాడు. ఈ సినిమా కోసం 31 కిలోలు తగ్గాడు. పారిపోయే ముందు నీళ్ల తొట్టి దగ్గర బట్టలు విప్పి నిలబడే సీను ఒకటుంది. పక్కటెముకలు, లోపలికి పోయిన పొట్ట, కర్రల్లాంటి కాళ్లు. అక్కడ మాటలు లేవు, అవసరమూ లేదు. నువ్వు చెప్పినదాన్ని బట్టి మీ బాపు ఆ సీను దాకా ఉండలేదనుకుంటాను.

ఈ సినిమా పడిన కష్టం కూడా చిన్నది కాదు. నవల 2008లో వచ్చింది, సినిమా 2024 మార్చి 28న విడుదలైంది. ఆ మధ్యలో చాలా ఏళ్లు బ్లెస్సీ దీన్ని వదల్లేదు. కథ జరిగేది సౌదీలో, తీసింది మాత్రం జోర్డాన్‌లోని వాదీ రమ్‌లో, అల్జీరియాలోని సహారాలో. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోతే యూనిట్ మొత్తం రెండు నెలల పాటు ఆ జోర్డాన్ ఎడారిలోనే చిక్కుకుపోయింది. ఎడారిలో ఇరుక్కున్నవాడి కథ తీయడానికి వెళ్లి వాళ్లే ఇరుక్కుపోయారు. తర్వాత కేరళ ప్రభుత్వం ఇచ్చిన సినిమా అవార్డుల్లో ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటుడితో కలిపి తొమ్మిది దీనికే వచ్చాయి.

పారిపోయే భాగంలో, నజీబ్‌తో పాటే ఊరినుంచి వచ్చిన కుర్రాడు హకీం చావు కూడా సినిమాలోనే నన్ను ఎక్కువ కుదిపింది. దాహంతో పిచ్చెక్కి, లేని నీళ్ల వైపు పరిగెత్తి, ఇసుక నోట్లో కుక్కుకునే ఆ పిల్లాడు. ఆ వేషం వేసిన గోకుల్ కొత్త కుర్రాడు. నవలలోనూ ఇదంతా ఉంది. కానీ అక్కడ నజీబ్ చెబుతుంటే వింటాం. ఇక్కడ హకీం పక్కనే ఉండి, ఏమీ చేయలేక చూస్తాం.

అయితే సినిమా బోల్తాపడిన చోటు కూడా ఆ భాగంలోనే ఉంది. ఇబ్రహీం ఖాదిరీ అని, వాళ్లిద్దరినీ నడిపించుకుపోయే సోమాలియా మనిషి. అంత దూరం దారి చూపిన వాడు చివర్లో ఉన్నట్టుండి కనిపించకుండా పోతాడు. నవలలో కథ చెప్పేది నజీబే. అతను అడుగడుగునా అల్లాతో మాట్లాడుతుంటాడు, అలుగుతాడు, బతిమాలుతాడు, థాంక్స్ చెబుతాడు. ఆ గొంతు అలవాటైన పాఠకుడికి, దేవుడే ఇబ్రహీంను పంపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడంటే నమ్మడం కష్టం కాదు. నజీబ్ నమ్ముతున్నాడు, మనం నజీబ్‌ని నమ్ముతున్నాం. సినిమాలో ఆ గొంతు లేదు. ఆరడుగుల మనిషిని అంతసేపు కళ్లారా చూపించి మాయం చేస్తే, మనకు వచ్చేది భక్తి కాదు, ‘ఏమయ్యాడబ్బా’ అన్న డౌటు. భార్య సైనుతో నది ఒడ్డున పాట కూడా నాకు ఎక్కువే అనిపించింది. రెహమాన్ పాట బాగుంది, కాదనను. కానీ నవలలో సైను అంతసేపు కనిపించదు, కనిపించకపోవడమే ఆ పుస్తకంలో బాధ.

ఇక మీ బాపు అన్న ‘సగం’ దగ్గరికి వస్తాను. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. పుస్తకంలో ఉండి, తెర మీదికి పూర్తిగా రాలేనివి మాత్రం నేను చెప్పగలను.

మొదటిది వాసన. ఎయిర్‌పోర్టు నుంచి తీసుకుపోయే ఆ అర్బాబ్ ఒంటినుంచి వచ్చే కంపుతోనే నజీబ్‌కు గల్ఫ్ మొదలవుతుంది. అప్పటిదాకా అతని తలలో ఉన్న గల్ఫ్ వేరు. బంగారు వాచీ, ఫ్రిజ్, టీవీ, కారు, ఏసీ, టేప్ రికార్డర్. ఈ లిస్టు నీకు తెలిసిందే కదా. 1980ల్లో, 90ల్లో మీ జిల్లాలో దుబాయి నుంచి వచ్చిన ప్రతి సూట్‌కేసు చుట్టూ పిల్లలు మూగింది ఈ లిస్టు కోసమే. సౌదీ వెళ్లినా మస్కట్ వెళ్లినా ‘దుబాయి పోయిండు’ అనే అనేవాళ్లం. ఆ లిస్టు తలలో పెట్టుకుని, బండి వెనక కూర్చుని, చీకట్లో ఎటు పోతున్నాడో తెలియక, మేకల పెంట వాసన ముక్కుకు తగిలే దాకా నజీబ్ కలలు కంటూనే ఉంటాడు.

రెండోది సిగ్గు. ఎడారిలో మొదటి రోజు. కాలకృత్యాలకు వెళ్లి, అలవాటుగా కడుక్కోవడానికి నీళ్లు ముట్టుకుంటాడు. వీపు మీద బెల్టు దెబ్బ పడుతుంది. ఆ నీళ్లు మేకలవి. మనిషి కడుక్కోవడానికి కాదు. అప్పటివరకు ఎంత బీదరికంలోనైనా ఏ మనిషీ వదులుకోని శుభ్రత అది. నజీబ్ దాన్ని ఆ ఉదయమే వదులుకోవాల్సి వస్తుంది. దెబ్బ కంటే ఆ మాట చెప్పుకోవడమే అతనికి కష్టంగా ఉంటుంది. బెన్యామిన్ ఇక్కడ గొంతు పెంచడు. పొరుగింటాయన అరుగు మీద కూర్చుని తలదించుకుని చెప్పినట్టే ఉంటుంది ఆ పేజీ. ఇలాంటివి ఇంటికొచ్చాక భార్యాపిల్లలకు ఏ నోటితో చెబుతారు?

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, మేకల పేర్లు. మనుషుల మాట వినక నెలలు గడిచాక నజీబ్ మేకలకు తన ఊరివాళ్ల పేర్లు పెట్టుకుంటాడు. పోచక్కారి రమణి, మేరీమైమూన. నడకను బట్టి, పొగరును బట్టి, మూతి తిప్పుకునే తీరును బట్టి. ఆఖరికి సినిమా హీరోల పేర్లు కూడా. అంత ఘోరం మధ్య ఆ పేజీలు చదువుతుంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చినందుకు మళ్లీ మనమీద మనకే కోపం వస్తుంది. నజీబ్ అక్కడ పిచ్చివాడు కాకుండా మిగిలింది ఆ పేర్ల వల్లే అని నేను అనుకుంటాను. ఊరంతటినీ ఆ దొడ్లో తెచ్చి కట్టేసుకున్నాడు.

వాటిలోనే నబీల్ ఉంది. తన చేతుల మీద పుట్టిన మగపిల్లకు నజీబ్ పెట్టుకున్న పేరు అది. తను ఇల్లు వదిలేటప్పుడు సైను కడుపుతో ఉంది, కొడుకు పుడితే పెట్టాలనుకున్న పేరు నబీల్. కొడుకు పుట్టాడో కూతురు పుట్టిందో తెలిసే దారి లేదు. ఈ పిల్లను ఒళ్లో వేసుకుని పెంచుతాడు. కొన్నాళ్లకు అర్బాబ్ మేకపోతులకు విత్తులు తీసే రోజు వస్తుంది. మీ ఊళ్లో గొర్ల కాపర్లను అడుగు, అది మామూలు పని. నజీబ్ మాత్రం నబీల్‌ని కాపాడాలని చూస్తాడు. కుదరదు. ఆ రోజుతో తన మగతనం కూడా పోయిందంటాడు. ఒక మామూలు పశువుల కాపరి పని ఒక తండ్రికి ఏమవుతుందో చెప్పిన ఆ రెండు పేజీలు నాకు సినిమాలోని ఇసుక తుపాను కంటే పెద్దవి.

ఇంకా ఆ ఉత్తరాలు. సైనుకు అతను రాసుకునే ఉత్తరాలు, ఏ డబ్బాలోనూ పడనివి. నేను బాగున్నాను, మంచి పని, తిండికి లోటు లేదు, నువ్వు దిగులు పడకు. అన్నీ అబద్ధాలే. మా మేనమామ ఒకాయన కువైట్ నుంచి రాసిన ఉత్తరాలు అమ్మ ట్రంకుపెట్టెలో ఉండేవి. అన్నిటిలో ‘నేను ఇచ్చట క్షేమం’ తర్వాత వాతావరణం, పైసలు, మా చదువులు. పన్నెండేళ్లు ఆ ఉత్తరాలు చదివి మాకు కువైట్ గురించి తెలిసింది ఎండ ఎక్కువ అని మాత్రమే. ఈ నవల చదివాక ఆ ఉత్తరాలు మళ్లీ తీసి చూశాను. ‘క్షేమం’ అనే మాట ప్రతిసారీ కాస్త ఒత్తి రాసినట్టు కనపడింది. నా భ్రమే కావచ్చు.

ఏది నిజం అని అడిగావు. రెండూ కల్పనలే, కాకపోతే ఒక నిజమైన మనిషి మీద నిలబడ్డవి. ఆలప్పుళ జిల్లా ఆరాట్టుపుళకు చెందిన నజీబ్ 1990ల మొదట్లో సౌదీ వెళ్లి ఇలాగే మేకల మధ్య చిక్కుకున్నాడు, బయటపడి వచ్చాడు. తర్వాత మళ్లీ బతుకుతెరువు కోసమే బహ్రెయిన్ వెళ్లాడు. బెన్యామిన్ కూడా అప్పట్లో బహ్రెయిన్‌లోనే ఉద్యోగం చేసేవాడు. ఒక స్నేహితుడి ద్వారా ఇతని సంగతి తెలిసి వెతుక్కుంటూ వెళ్లాడు. మొదట్లో ఆ మనిషి చెప్పడానికి ఇష్టపడలేదట. ఎప్పటిదో కదా, అన్నీ మరిచిపోయానన్నాడట. మరిచిపోయింది ఏమీ లేదు. ఒకసారి మాట మొదలయ్యాక కళ్లముందు జరుగుతున్నట్టే చెప్పుకొచ్చాడు. ఇది పుస్తకం చివర రచయిత మాటల్లోనే ఉంది, తప్పకుండా చదువు. మీ ఇంటి సంగతి కూడా అదే కదా.

సినిమా వచ్చాక, ‘ఇది నిజంగా జరిగిందా, అది జరిగిందా’ అని జనం ఆ మనిషి వెంటపడ్డారు. అప్పుడు బెన్యామినే గట్టిగా చెప్పాల్సి వచ్చింది: నేను రాసింది నవల, జీవితచరిత్ర కాదు, అందులో నేను కలిపింది చాలా ఉంది అని. గొడవంతా ముఖ్యంగా ఒక పేజీ గురించి. ఒంటరితనం ముదిరిపోయి నజీబ్ ఒక మేకతో శరీర సంబంధానికి దిగే చోటు నవలలో ఉంది. సినిమాలో లేదు. నవలగా చూస్తే ఆ పేజీ ఉండటం తప్పని నేను అనను, మనిషీ మేకా అన్న గీత చెరిగిపోయిందని చెప్పడానికి దాన్ని రాశాడు. కానీ ఆ పేరు మోసే మనిషి అదే ఊళ్లో, మనవల వయసు పిల్లల మధ్య తిరగాలి. ఆ పేరు మార్చి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్వు మీ బాపుకు కథ చెప్పేటప్పుడు ఆ పేజీ దాటేయ్. ఎందుకో నీకు తెలుసు.

నిజం అన్నావు కాబట్టి ఇంకో మాట. నవలలోనూ సినిమాలోనూ అర్బాబ్ ఒక్కడే దుర్మార్గుడిలా కనిపిస్తాడు. ఆ వేషం వేసిన ఒమన్ నటుడు అంత బాగా చేశాడు మరి. కానీ అసలు తాళంచెవి ఉన్నది కఫీల్ పద్ధతి దగ్గర. వీసా, అఖామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) అన్నీ యజమాని చేతిలో. అతన్ని వదిలి బయటికి అడుగు పెట్టిన మరుక్షణం మనిషి ఖల్లివెల్లి అయిపోతాడు. నవల దీన్ని ఉపన్యాసంలా చెప్పదు, జైలు వరుసలో చూపిస్తుంది. 2021 మార్చిలో సౌదీ ఈ రూల్సు కొంత సడలించినప్పుడు కూడా ఇళ్లలో పనిచేసేవాళ్లను, పొలాల్లో పనిచేసేవాళ్లను, పశువుల కాపర్లను అందులో కలపలేదు. అంటే సరిగ్గా నజీబ్‌లను, మీ బాపులాంటి వాళ్లను. ఇంకోవైపు, రోడ్డు మీద పడున్న నజీబ్‌ని తన ఖరీదైన కారు ఎక్కించుకుని బత్‌హా దాకా తెచ్చి దింపేది కూడా ఒక అరబ్బే. దీన్ని ఇద్దరూ వదల్లేదు, పుస్తకమూ, సినిమా కూడా.

ఇక నీ చివరి ప్రశ్న. బాపుకు పుస్తకం చదివి వినిపించాలా?

చదివి వినిపించకు. ఒకటి, నీ దగ్గర ఉన్నది ఇంగ్లిషు, వాక్యం వాక్యం ఆగి తెలుగు చేస్తూ పోతే అది పాఠం అవుతుంది. రెండు, ఆయన తన నాలుగేళ్ల గురించి ఎవరో రాసిన లెక్క వినాల్సిన పని లేదు. నువ్వు చదువు. చదివింది నీ నోటి మాటగా, పని మధ్యలో, ముక్కలుగా చెప్పు. సినిమాకు కూర్చోబెట్టినట్టు కుర్చీలో కూర్చోబెట్టి ‘అక్కడ ఏం జరిగింది బాపూ’ అని మాత్రం అడగొద్దు. మా మేనమామను నేను అలాగే అడిగాను, డిగ్రీ చదివే రోజుల్లో, చేతిలో నోట్‌బుక్ కూడా పెట్టుకుని. ఆయన నవ్వి, కువైట్‌లో టమాటాలు ఎంత ఎర్రగా ఉంటాయో చెప్పి లేచిపోయాడు. మళ్లీ అడిగే సమయం రాకముందే పోయాడు.

కష్టం గురించి కాకుండా పని గురించి అడుగు. పని గురించి అడిగితే మగవాళ్లు మాట్లాడతారు. కుబ్బూస్ (అరబ్బు రొట్టె) ఎట్లా నానబెట్టుకుని తినేవాళ్లు? నవలలో ఉత్త నీళ్లలో ముంచుకుని తింటాడు, ఇంటినుంచి తెచ్చుకున్న పచ్చడి ఉన్నన్నాళ్లే దానికి రుచి. మీరు ఏం నంజుకునేవాళ్లు? నవలలో మేకల దొడ్డిని ‘మసరా’ అంటారు, మీరేమనేవాళ్లు, మజ్రానా? గొర్రెకు జబ్బు చేస్తే ఏం చేసేవాళ్లు? ఆయన తప్పులు దిద్దనీ. ‘గట్ల కాదు రా, మాకాడ వేరే’ అన్నాడంటే నీ పని అయినట్టే, ఇక నువ్వు నోరు మూసుకుని వినడమే. సగం అన్నాడే, ఆ మిగతా సగం ఆయనే చెప్పాలి, చెప్పాలనిపిస్తే.

చెప్పకపోతే వదిలెయ్. నీకు తెలుసుకోవాలని ఉన్నంత మాత్రాన ఆయన బాకీ పడలేదు. సినిమా చూసిన తర్వాత ఆయనకు నిద్ర పట్టడం లేదనో, తిండి తగ్గిందనో అమ్మ చెబితే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు.

మీ అమ్మను కూడా మరిచిపోకు. నాలుగేళ్లు ఆ ‘క్షేమం’ ఉత్తరాలు అందుకున్నది ఆమె. సైను పేజీలు నవలలో తక్కువని చెప్పాను కదా, ఆ పేజీలు మీ అమ్మ దగ్గర ఉంటాయి.

పుస్తకంలో నబీల్ పుట్టే చోటికి వచ్చాక మళ్లీ ఉత్తరం రాయి. ఒక సంగతి నువ్వు రాయడం మరిచిపోయావు, ఈసారి తప్పకుండా రాయి. సినిమా మధ్యలో లేచి గడ్డి వేయడానికి పోయాడన్నావు కదా, ఆ బర్రెకు మీ బాపు ఏం పేరు పెట్టాడు?